ఇంటి కరెంటు: తూము, మత్తడి, వాగు

మా భూపాలపల్లికి దాపున, గణపురం మండలములోని చెల్పూరు వద్ద, కాకతీయ థర్మల్ విద్యుత్కేంద్రపు పొగగొట్టములు బహుదూరమునుండి కనబడుచుండును. అక్కడ 2010వ సంవత్సరమున 500 మెగావాట్ల యంత్రమొకటియు, 2016వ సంవత్సరమున 600 మెగావాట్ల యంత్రమొకటియు పనిలోనికి వచ్చినవి. నేలక్రింద సింగరేణివారి బొగ్గు గనులు. నేలపైన బొగ్గును మండించి కరెంటును పుట్టించు కేంద్రము. ఇంతటి కలిమిగల తావున కాపురముండువారికి కరెంటును గూర్చి వేరుగ చెప్పవలసినది ఏమున్నదని తోచవచ్చును. అయినను దీపము క్రిందనే చీకటి యుండునని పెద్దలనిరి. మా యింటి విషయములో ఆ మాట అక్షరాల నిజమైనది. ఆ చీకటి యెట్టిదో, దానిని పోగొట్టుకొనుటకు మేమేమి చేసితిమో ఈ ప్రసంగములో విన్నవించుచున్నాము.

మాది ఇరువది యేండ్లనాడు కట్టిన యిల్లు. మొదట క్రింది భాగమే యుండెను. పిల్లలు పెద్దవారైన పిదప పైన రెండు గదులు వేసితిమి. క్రింద గోడకున్న పాత బోర్డునుండియే పైకి ఒక తీగ లాగించితిమి. ఫ్యాన్లకును దీపములకును ఆ తీగ చాలెను. తరువాత నీళ్ల గీజరు వచ్చినది, ఆపైన ఏ.సి. వచ్చినది. రెండును కలిసి నడచినప్పుడెల్ల బోర్డులోని ఎం.సి.బి. మీట టక్కున పడిపోవుచుండెను. మాటిమాటికి మెట్లు దిగివచ్చి దానిని లేపుట విసుగై, 16 ఆంపియర్ల ఎం.సి.బి.ని తీయించి 32 ఆంపియర్లది పెట్టించితిమి. మీట పడుట ఆగినది. బాధ తీరినదని సంతసించితిమి. అది కావలివాని నోరు నొక్కుట యని అప్పుడు మాకు తెలియలేదు.

క్రిందటి యేడు రోహిణి కార్తెలో ఒక సాయంకాలము ఉరుములు మెరుపులతో గాలివాన వచ్చినది. పిడుగు మా యింటిపై పడలేదు. ఊరి వెలుపల ఎక్కడనో పడినది. పెళపెళమను ఆ చప్పుడుతోనే ఇంటిలోని టి.వి. ఆరిపోయెను. ఫ్రిజ్ లోపలి సర్క్యూట్ కార్డు, నీళ్ల మోటారు స్టార్టరు, ఇంటర్నెట్ పెట్టె, అన్నియు ఆ ఒక్క క్షణమున చెడిపోయినవి. సర్జ్ ప్రొటెక్టరు అను పరికరము నొకదానిని బిగింపించుకొన్నచో ఇట్టి నష్టము మరల రాదని విని, మరునాడే లైసెన్సుగల ఎలక్ట్రీషియన్‌ను పిలిపించితిమి. అతడు బోర్డును తెరచి చూచి, మొదట అడిగిన మాట యిది: “సారూ, మీ ఇంటి ఎర్తు ఏడున్నది?”

మేము తెల్లబోయితిమి. ఎర్తు ఉన్నదని తెలియునుగాని ఎక్కడ నున్నదో తెలియదు. చివరకు మా అమ్మ పెరటిలోనికి దారితీసి, బట్టలుతుకు బండ వెనుక ఒక మూలను చూపినది. మట్టిని తీసి చూడగా, గొట్టపు తలనుండి ఇంటిలోనికి పోవలసిన తీగ తుప్పు పట్టి తెగి యుండెను. ఎన్నేండ్లనుండి అట్లున్నదో ఎవరికెరుక? అప్పుడు మా అమ్మ మెల్లగ ఒక మాట చెప్పినది: “ఫ్రిజ్ తలుపు తడిచేతుల పట్టుకుంటే జివ్వుమంటది బిడ్డా, రెండేండ్ల సంది. అందుకే చెప్పులేసుకొని తీస్తున్న.”

మాకు నోట మాట రాలేదు. పోయిన టి.వి.ని గూర్చి రాత్రియంతయు వగచిన మేము, రెండేండ్లుగ ఆ తలుపు వెనుక పొంచియున్న దానిని ఎరుగనైతిమి. పోయినది వస్తువులే, పోదగినది మనిషి. ఆనాటినుండి మేము గ్రహించిన సంగతి యొక్కటే. ఇంటికి క్రొత్త బోర్డు చేర్చుటయు, పిడుగుపొంగును ఆపు పరికరము బిగించుటయు మంచి పనులే. అయితే ఆ రెండింటికిని ప్రాణము భూమిలో నున్నది. ఎర్తు లేక చేసిన రక్షణ రక్షణ కాదు.

ముందుగ కరెంటు మన యింటికి వచ్చు దారిని ఒకసారి చూతము. విద్యుత్కేంద్రమునుండి కరెంటు లక్షల వోల్టుల పీడనముతో పెద్ద స్తంభములపై బయలుదేరును. సబ్‌స్టేషన్లలో మెట్టుమెట్టుగ దిగి, 33 వేల వోల్టులై, పిమ్మట 11 వేల వోల్టులై, మన వీధిలోని ట్రాన్స్‌ఫార్మరునకు చేరును. అక్కడ 230 వోల్టులకు దిగి సర్వీసు తీగ ద్వారమున మన మీటరును చేరును. మీటరు వరకు ఆ తీగ బాగోగులు చూచుట పంపిణీ సంస్థవారి పని. మీటరు దాటిన తరువాత ప్రతి తీగకును, ప్రతి స్విచ్చికిని బాధ్యులము మనమే. ఈ హద్దును గుర్తెరిగినవారు మనలో తక్కువ. బిల్లు కట్టితిమి గనుక అంతయు వారే చూచుకొందురని అనుకొందుము.

ఇక పిడుగుపొంగు అనగా నేమి? మెరుపులో సాధారణముగ ముప్పదివేల ఆంపియర్ల ప్రాంతమున కరెంటు పారును. అది యుండు కాలము సెకనులో పదివేలవ వంతు మాత్రము. అయినను అంత ప్రవాహము అంత త్వరితముగ లేచి పడునప్పుడు, చుట్టుప్రక్కల నున్న తీగలన్నింటిలోను దాని ప్రేరణచే వోల్టేజి ఒక్కసారి పొంగును. కనుకనే పిడుగు మన యింటిపై పడనక్కరలేదు. ఊరి పొలిమేర చెట్టుపై పడినను, దూరపు స్తంభముపై పడినను, తీగల వెంట ఆ పొంగు మన బోర్డు వరకు రాగలదు. 230 వోల్టులకు అలవడిన తీగపై వేల వోల్టులు క్షణకాలము నిలుచును. పాతకాలపు బల్బునకును ఫ్యానునకును అది పెద్ద లెక్క కాదు. నేటి టి.వి.లో, ఫ్రిజ్‌లో, ఎల్.ఇ.డి. దీపములో నున్న సన్నని ఎలక్ట్రానిక్ భాగములు మాత్రము దానికి తాళలేవు. పిడుగు ఒక్కటియే కాదు. పెద్ద మోటారు ఆగినప్పుడును, లైను పోయి మరల వచ్చినప్పుడును చిన్న చిన్న పొంగులు పుట్టుచునే యుండును. అవి వెంటనే చంపవు. వస్తువు ఆయువును తరుగజేయును.

కాకతీయుల కాలమునుండి చెరువులను నమ్ముకొని బ్రదికిన సీమ మనది. కావున ఈ యేర్పాటునంతను చెరువుతో పోల్చి చెప్పిన సులభముగ మనసునకెక్కును. చెరువునకు మూడు ముఖ్యము. ఏ మడికి ఎంత నీరు పోవలెనో అంతయే పోనిచ్చునది తూము. వరద వచ్చి నీటిమట్టము మీరినప్పుడు అదనపు నీటిని వెలుపలికి దుముకనిచ్చునది మత్తడి. ఆ దుమికిన నీటిని తీసికొనిపోవునది దిగువ వాగు. మన యింటి కరెంటులో తూము స్థానమున నున్నది బోర్డు. మత్తడి స్థానమున నున్నది సర్జ్ ప్రొటెక్టరు. వాగు స్థానమున నున్నది ఎర్తు. వాగు పూడియున్నచో మత్తడి ఎంత చక్కగ కట్టినను నీరు వెనుకకు తన్ని కట్టను తెంపును. మా యింటిలో ఎలక్ట్రీషియన్ మొదట ఎర్తును గూర్చి అడుగుటకు కారణమిదియే. కావున మనమును వాగునుండియే మొదలిడుదము.

భారతీయ ప్రమాణముల సంస్థవారు ఎర్తింగును గూర్చి ప్రత్యేకముగ ఒక నియమావళిని వెలువరించియున్నారు. దాని సంఖ్య 3043. అందు చెప్పిన పద్ధతులలో ఇండ్లకు అనువైనది గొట్టపు ఎర్తు. కనీసము 38 మిల్లీమీటర్ల లోవ్యాసము, రెండున్నర మీటర్ల పొడవు గల జి.ఐ. గొట్టమును నిలువుగ నేలలో దింపవలెను. మన వైపు గొట్టము చుట్టును బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగ వేయుట చిరకాలపు వాడుక. ఉప్పు తేమను పట్టి యుంచునుగాని కాలక్రమమున ఇనుమును తినివేయును. వానలకు కరగి పోవును. అందుచేత ఇప్పుడు బెంటొనైటు అను బంకమట్టిని వాడుచున్నారు. ఏది వాడినను నేల తడిగ నుండవలెను. ఎండిన నేల కరెంటును సులభముగ స్వీకరింపదు. వేసవిలో గుంతలో నీరు పోయుట మరువరాదు. పిడుగులు ఎక్కువగ పడునది నేల బాగుగ ఎండియుండు వేసవి చివరనే యని గుర్తుంచుకొనవలెను.

గుంత త్రవ్వగానే పని ముగియదు. దాని నిరోధమును మీటరుతో కొలిపింపవలెను. ఆ లెక్క ఓముల్లో వచ్చును. పది ఓముల ఎర్తు ఉన్నదనుకొందము. మోటారు లోపల తీగ చర్మము చెడి, కరెంటు మోటారు ఒంటికి తగిలినదనుకొందము. 230 వోల్టులను పదిచే భాగింపగా 23 ఆంపియర్లు ఎర్తులోనికి పారును. బోర్డులో నున్నది 32 ఆంపియర్ల ఎం.సి.బి. 23 ఆంపియర్లకు అది కదలదు. మోటారు ఒంటిపై ప్రాణాంతకమైన వోల్టేజి అట్లే నిలిచియుండును, ఎం.సి.బి. మీట నిశ్చింతగ పైకే యుండును. ఎం.సి.బి. కాపాడునది తీగలను, మనుష్యులను కాదు. ఈ భేదమును తెలియక మోసపోవు ఇండ్లు అనేకము.

మనుష్యులను కాపాడుటకు ఆర్.సి.సి.బి. అను మరొక మీట కావలెను. అది పోయిన కరెంటును, తిరిగి వచ్చిన కరెంటును సరిచూచుచుండును. రెండింటికి భేదము కనబడెనా, ఎక్కడనో కరెంటు దారి తప్పి ఎర్తులోనికో మనిషి దేహములోనికో పోవుచున్నదని అర్థము. ఇండ్లలో వాడునది 30 మిల్లీఆంపియర్ల రకము. అనగా 23 ఆంపియర్ల వరకు ఆగదు. అందులో ఏడువందలవ వంతు కారినను, 0.3 సెకను లోపల ఇంటి కరెంటును తెంపివేయును. దానిపై ‘టి’ అను అక్షరముతో ఒక చిన్న బొత్తాము ఉండును. దానిని నెలకొకసారి నొక్కి, మీట పడుచున్నదో లేదో చూడవలెను. పాత యిండ్లలో ఆర్.సి.సి.బి. పెట్టగానే అది మాటిమాటికి పడుట కలదు. అది దాని దోషము కాదు. ఇంటిలో దాగియున్న దోషమును అది చూపుచున్నది. దోషమును వెదకి సరిచేయవలెనుగాని దానిని తీసివేయరాదు. మా యింటిలో అది మొదటి దినముననే పడినది. కారణము మా అమ్మ చెప్పిన ఫ్రిజ్.

ఎర్తు విషయములో మరొక హెచ్చరిక. న్యూట్రల్ తీగ పోయినప్పుడు, ఎర్తు గొట్టమునే న్యూట్రల్‌గ వాడి దీపములు వెలిగించుకొను అలవాటు కొందరికి కలదు. ఆ క్షణమునుండి ఇంటిలోని ఎర్తు తీగ కలిసిన ప్రతి లోహపు వస్తువును అపాయకరమగును. దీపము వెలిగినదిగదా యని సంబరపడుట తగదు.

ఇక తూము, అనగా ఉపబోర్డు. దీనిని మనవారు సబ్ బోర్డనియు, డి.బి. పెట్టె యనియు అందురు. ఇది ఎప్పుడు కావలెను? పై అంతస్తు కట్టినప్పుడు, పెరటిలో మోటారును పశువుల కొట్టమును చేర్చినప్పుడు, ఏ.సి., గీజరు వంటి పెద్ద వస్తువులు పెరిగినప్పుడు. మా లెక్కనే చెప్పెదము. గీజరు 2000 వాట్లు, అనగా 8.7 ఆంపియర్లు. ఏ.సి. సుమారు 1700 వాట్లు, అనగా 7.4 ఆంపియర్లు. ఇస్త్రీ పెట్టె 1000 వాట్లు, అనగా 4.3 ఆంపియర్లు. ఫ్యాన్లు, దీపములు కలుపుకొన్న 22 ఆంపియర్ల చేరువకు వచ్చును. వీనినన్నింటిని మేము మోయించినది ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల సన్నని తీగపై. గోడలోని గొట్టములో అట్టి తీగ సుమారు 15 ఆంపియర్లకే తగినది. పూర్వపు ఎం.సి.బి. మాటిమాటికి పడి మమ్ము హెచ్చరించినది. మేము దానిని మార్చితిమి; తీగను మార్చలేదు. గోడలోపల ఆ తీగ పైపూత కాలి గోధుమరంగునకు తిరిగియుండుటను ఎలక్ట్రీషియన్ మాకు చూపినప్పుడు ఒడలు జలదరించినది. పైగదిలో పిల్లలు నిద్రించుచుండిరి.

ఉపబోర్డు పెట్టు విధము ఇది. ప్రధాన బోర్డునుండి దానికి ప్రత్యేకముగ ఒక లావు తీగ పోవలెను. మేము వేయించినది ఆరు చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ; దానికి మొదట ప్రధాన బోర్డులో 32 ఆంపియర్ల ఎం.సి.బి. తీగకు తగిన ఎం.సి.బి. యేగాని, వస్తువులకు తగినది కాదని గుర్తుంచుకొనుడు. ఆ తీగతో మూడు పోగులు పోవలెను: ఎరుపు రంగు ఫేజు, నలుపు రంగు న్యూట్రల్, ఆకుపచ్చ రంగు ఎర్తు. ఉపబోర్డులో న్యూట్రల్ పట్టీ వేరు, ఎర్తు పట్టీ వేరు. రెండింటిని అక్కడ కలుపరాదు. కలిపినచో తిరుగుకరెంటులో కొంత ఎర్తు తీగ వెంట పారును, వస్తువుల ఒంటికి వోల్టేజి ఎక్కవచ్చును, ఆర్.సి.సి.బి. నిలువదు. ఉపబోర్డునుండి గీజరునకు ఒకటి, ఏ.సి.కి ఒకటి, దీపములకు ఒకటి, ప్లగ్గులకు ఒకటి, ఇట్లు వేర్వేరు ఎం.సి.బి.లు ఉండవలెను. ప్రతి దానిపైన అది దేనిదో తెలుగులో వ్రాసి అంటింపవలెను. చీకటిలో, తొందరలో, ఇంటిలోని ఎవరైనను చదువుకొనగలుగవలెను.

ఉపబోర్డు వలన మరొక లాభము కలదు. దానిని మా వైపువారు మరువరాని విధమున నేర్చికొనిరి. 2023వ సంవత్సరము జూలై 27వ తేదీన మోరంచవాగు పొంగి మోరంచపల్లి గ్రామమును ముంచివేసినది. జనులు ఇండ్ల కప్పులపైకి ఎక్కి ప్రాణములు దక్కించుకొనిరి. సైనిక హెలికాప్టరులు వచ్చినవి. కొందరు వరదలో కొట్టుకొని పోయిరి. అట్టి వేళ నీరు ఇంటిలో ప్లగ్గుల యెత్తునకు రాకముందే క్రింది భాగమునకు కరెంటును తెంపగలుగవలెను. రెండంతస్తులకు వేర్వేరు బోర్డులున్నచో, క్రిందిదానిని ఆర్పి పైన ఒక దీపమును వెలుగనీయవచ్చును. పల్లపు ప్రాంతములలో బోర్డును, క్రింది ప్లగ్గులను వీలైనంత ఎత్తుగ పెట్టింపవలెను. వరద తీసిన పిదప తడిసిన బోర్డును ఆరినదిగదా యని వేయరాదు. ఎలక్ట్రీషియన్ పరీక్షించిన తరువాతనే మెయిన్ వేయవలెను. నీటిలో నిలిచి బోర్డును తాకుట ఎన్నడును కూడదు.

ఇప్పుడు మత్తడికి వచ్చితిమి. సర్జ్ ప్రొటెక్టరు లోపల జింకు ఆక్సైడుతో చేసిన బిళ్ల యుండును. 230 వోల్టులున్నంతకాలము ఆ బిళ్ల ఇంచుమించు గోడవంటిది; కరెంటును పోనీయదు. వోల్టేజి హద్దు మీరగానే, సెకనులో పదిలక్షవ వంతు కన్న తక్కువ కాలములో అది ద్వారముగ మారి, పొంగును ఎర్తు దారి పట్టించును. పొంగు తగ్గగానే మరల గోడయగును. చెరువు నీరు మత్తడి మట్టము దిగగానే దుముకుట ఆగిపోవునట్లే.

వీనిలో మూడు తరగతులు కలవు. ఇంటిపైన పిడుగు కడ్డీ ఉన్నవారికిని, నేరుగ పిడుగు తగులు భయముగల ఎత్తు భవనములకును మొదటి తరగతి కావలెను. సామాన్యమైన ఇండ్ల బోర్డులలో పెట్టునది రెండవ తరగతి. టి.వి. ప్రక్కన ప్లగ్గులో పెట్టునది మూడవ తరగతి. ఇది మొదటి రెండింటికి తోడుగ పని చేయునుగాని ఒంటరిగ చాలదు. కొనునప్పుడు పెట్టెపైన మూడు అంకెలు చూడవలెను. మొదటిది, అది ఎల్లప్పుడు ఓర్చుకొనగల వోల్టేజి. 275 అనియు, 320 అనియు వ్రాసియుండును. వోల్టేజి తరచు ఎక్కువ తక్కువలగు ఊళ్లలో 320 దే మేలు. రెండవది, అది మోయగల పొంగు కరెంటు. ఇండ్లకు 20 కిలో ఆంపియర్లది తగియున్నది. మూడవది, పొంగును ఎన్ని వోల్టులకు అణచునో తెలుపు అంకె, అది 1.5 కిలోవోల్టులు గాని అంతకు తక్కువ గాని యుండవలెను. సొంత ఎర్తు గుంతపై ఆధారపడు మన యిండ్లలో, ఫేజునకు న్యూట్రల్‌నకు నడుమ జింకు బిళ్లయు, న్యూట్రల్‌నకు ఎర్తునకు నడుమ వాయువు నింపిన గొట్టమును గల రకమును అడుగవలెను. దుకాణములలో దానిని ‘ఒకటి ప్లస్ ఒకటి’ రకమందురు. దానిని ఆర్.సి.సి.బి.కి ముందు వైపున బిగింపవలెను.

బిగించుటలో ఒక మెలకువ కలదు. అది తప్పినచో ఎంత ఖరీదైనది కొన్నను వ్యర్థము. పరికరమునకు పోవు తీగయు, దానినుండి ఎర్తు పట్టీకి వచ్చు తీగయు కలిపి అరమీటరునకు మించరాదు. మెలికలు, చుట్టలు ఉండరాదు. ఏలయనగా పొంగు కరెంటు ఒక మైక్రోసెకనులో వేయి ఆంపియర్లు లేచినచో, ఒక్క మీటరు తీగపైననే సుమారు వేయి వోల్టులు నిలుచును. పరికరము 1500 వోల్టులకు అణచినను, రెండు మీటర్ల తీగ మరి రెండువేలు చేర్చినచో టి.వి.పై పడునది మూడువేల అయిదువందలు. సొగసుకొరకు తీగను గుండ్రముగ చుట్టి లోపల దాచువారిని చూచితిమి. మత్తడి కాలువ వంకరలు పోరాదు.

ఆ పరికరమునుండి పది మీటర్లకు మించిన దూరమున ఉపబోర్డు ఉన్నచో అక్కడ మరొకటి పెట్టవలెను. కనుకనే ఉపబోర్డును, సర్జ్ ప్రొటెక్టరును ఒకే పనిగ తలపోయుట మేలు. పొంగు వచ్చుదారి కరెంటు తీగ యొక్కటియే కాదు. డిష్ తీగ, కేబుల్ తీగ, పెరటి మోటారు తీగ గూడ దానికి దారులే. పరికరముపై చిన్న కిటికీ యుండును. ఆకుపచ్చగ నున్నంతకాలము అది బ్రదికియున్నది. ఎరుపునకు తిరిగినచో మార్చవలెను. ప్రతి పొంగును మ్రింగుచు ఆ బిళ్ల కొంచెము కొంచెముగ అరిగిపోవును. అది తాను సమసి ఇంటిని నిలుపునది.

అది కాపాడలేని దానిని గూడ చెప్పకున్న మా మాట సగమే యగును. స్తంభముపైన న్యూట్రల్ తీగ తెగినప్పుడు, 230 వోల్టులు రావలసిన ఇంటికి 400 వోల్టుల వరకు రావచ్చును. అది క్షణకాలపు పొంగు కాదు. నిమిషముల కొలది నిలుచు వరద. మత్తడికి అది మించిన పని. అట్టి వేళ సర్జ్ ప్రొటెక్టరు తానే కాలిపోవచ్చును. దానికి వేరుగ, వోల్టేజి హద్దు దాటగానే ఇంటిని తెంపివేయు రిలే కావలెను. దీపములు కొన్ని మిక్కిలి ప్రకాశముగ, కొన్ని మినుకుమినుకుమనుచు కనబడినచో, న్యూట్రల్ పోయినదని తెలిసికొని వెంటనే మెయిన్ ఆర్పి పంపిణీ సంస్థవారికి తెలుపవలెను. అట్లే ఏ పరికరమును మనిషిని పిడుగునుండి కాపాడదు. ఉరుములు వినబడినప్పుడు చెట్టు క్రిందను, పొలములోను నిలువక పక్కా యింటిలోనికి చేరవలెను. పూనాలోని భారత ఉష్ణమండల వాతావరణ విజ్ఞాన సంస్థవారు ‘దామిని’ యను పేరుతో ఒక ఫోను యాప్‌ను ఉచితముగ నిచ్చియున్నారు. చుట్టుప్రక్కల పిడుగులు పడుచున్నచో అది హెచ్చరించును. రైతులకు అది మిక్కిలి ఉపకరించునది.

రేడియోగల కుటుంబములకు ఈ జాగ్రత్త క్రొత్తది కాదు. పూర్వము రేడియో కొన్న ప్రతి యింటిలోను కప్పుపైన ఏరియలు తీగయు, నేలలో ఎర్తు తీగయు నుండెడివి. మబ్బు పట్టగానే ఇంటి పెద్ద లేచి, రేడియోను ఆపి, ఏరియలును ఎర్తునకు కలిపి కూర్చుండెడివాడు. ఆ పెద్దలు ఓము అను మాటను ఎరుగరు. పైనుండి వచ్చినదానికి భూమిలోనికి దారి చూపవలెనని మాత్రము ఎరుగుదురు. నడుమ మనము ఆ దారిని మరచితిమి. ఉరుములు వచ్చినప్పుడు టి.వి. ప్లగ్గును, డిష్ తీగను ముందుగనే లాగివేయు పాత అలవాటు నేటికిని అన్నింటికన్న చౌకయైన రక్షణ.

పని చేయింపదలచినవారు వరుస తప్పరాదు. మొదట ఎర్తు, పిదప ఆర్.సి.సి.బి.; పిదప తీగలు, ఉపబోర్డు; చివర సర్జ్ ప్రొటెక్టరు. డబ్బు ఒక్కసారి సమకూరనిచో ఈ వరుసలోనే ఒక్కొక్కటిగ చేయింపుడు. చివరిదానిని ముందు కొనుట మావలె పొరపడుట. పని చేయువానికి లైసెన్సు ఉన్నదో లేదో అడుగుటకు మొగమాటపడకుడు. వస్తువులపై ఐ.ఎస్.ఐ. గుర్తు చూడుడు. ఇంటి వాడకము పెరిగినచో, పంపిణీ సంస్థవారికి దరఖాస్తు పెట్టి మంజూరైన లోడును పెంపించుకొనుడు. పని ముగిసిన పిదప ఎర్తు ఎన్ని ఓములు వచ్చినదో ఒక కాగితముపై వ్రాయించి, బోర్డు తలుపు లోపలి వైపున అంటింపుడు. మరుసటి వేసవిలో మరల కొలిపించి ప్రక్కన వ్రాయుడు.

మా యింటిలో ఇప్పుడు పైన నొక బోర్డు, క్రింద నొక బోర్డు ఉన్నవి. రెండింటిలోను చిన్న కిటికీలు ఆకుపచ్చగ నున్నవి. ఆ తరువాత ఎన్నో మారులు ఉరిమినది. పైగదిలో పిల్లలు నిద్రించుచునే యున్నారు. ఎర్తు గుంతపైన సిమెంటు మూత పెట్టించి, ఎర్ర రంగు వేయించితిమి. ప్రతి శుక్రవారము మా అమ్మ తులసికి నీళ్లు పోసి, చెంబులో మిగిలిన నీటిని ఆ మూత సందులో పోయుచున్నది. వేసవి వచ్చినచో చెంబునకు బదులు బకెట్టు. ఫ్రిజ్ తలుపును ఆమె ఇప్పుడు వట్టికాళ్లతోనే తెరచుచున్నది.

శ్రోతలారా! ఈ ప్రసంగము ముగియగానే ఒక్క పని చేయుడు. మీ యింటి ఎర్తు ఎక్కడ నున్నదో ఇంటిలోని పెద్దలను అడుగుడు. వెళ్లి చూడుడు. వస్తువులను తాకినప్పుడు ఎవరికైనను జివ్వుమనుచున్నదా యని గూడ అడుగుడు. వారు మీకు చెప్పక చెప్పులు తొడిగికొని తిరుగుచుండవచ్చును.